పేరు పెట్టి పిలిస్తే

మనిషిని నిద్రపుచ్చడం ఏమంత గొప్ప విద్య కాదనీ, మళ్ళీ లేపడంలోనే ఉంది కిటుకంతా అనీ డాక్టర్ త్రిమూర్తులు కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. నిద్రపుచ్చడమే గొప్పయితే కాకినాడలో ప్రతి పెళ్ళిభోజనమూ ఒక మందే కదా అనేవాడు. ఆ మాటకు ఎదుటివాళ్ళు నవ్వుతారని కాస్త ఆగేవాడు కూడా. నవ్వితే సంతోషించేవాడు. నవ్వకపోతే పాపం వాళ్ళకు సైన్సు తెలియదనుకునేవాడు.

ఆయన కనిపెట్టిన మందు పేరు జోల. రేవు వైపు ఒకప్పుడు పొగాకు నిలవ చేసిన గిడ్డంగి ఒకటుంటే దాన్ని బాగుచేయించి ప్రయోగశాల చేసుకున్నారు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఆయన గంజాయి డాక్టరు. ఆ పేరు వింటే ఆయనకు ఒళ్ళుమంట. తాము వాడేది గంజాయి కాదనీ, ఆ కుటుంబంలో పుట్టిందే అయినా నార కోసం, గింజ కోసం పెంచే హెంప్ మొక్క అనీ, మత్తెక్కించే సరుకు అందులో ఉన్నా లేనట్టేననీ ఆటోవాళ్ళకు కూడా విడమరిచి చెప్పేవాడు. వాళ్ళు శ్రద్ధగా అంతా విని, అయితే మనకో పొట్లం దొరకదంటారా అని అడిగేవాళ్ళు.

ఆ మొక్కలోని కెనబినాయిడ్లు నిద్రకు పనికొస్తాయని చాలామందికి నమ్మకమే. నమ్మకం ఉన్నంతగా రుజువు లేదు. కొందరికి పడుకోగానే కునుకు పట్టేది గాని, కొన్నాళ్ళకే ఒళ్ళు ఆ మందుకు అలవాటు పడిపోయేది. కొందరికి తెల్లారాక తల దిమ్ముగా ఉండేది. త్రిమూర్తులు కూడా చాలాకాలం ఈ చిక్కుల్లోనే కొట్టుమిట్టాడాడు. ఒక వేసవిలో గిడ్డంగి మూలన గాలి తగిలి పాతబడిపోయిన ఆకుల మోపు ఒకటి కంటబడింది. పారేయమని చెప్పబోయి, ఎందుకైనా మంచిదని దాని సారం తీసి చూశాడు. తాజా ఆకులో లేని కెనబినాయిడ్ ఒకటి అందులో కనిపించింది. మన మెదడు తన అవసరానికి తనే అలాంటి పదార్థాన్ని కొంచెం కొంచెంగా తయారుచేసుకుంటూ ఉంటుంది. ఈ కొత్తది వెళ్ళి సరిగ్గా దాని కుర్చీలోనే కూర్చుంది, లెమ్మంటే లేవలేదు.

జోల వేసుకుని పడుకున్నవాళ్ళను చూడడానికి ఢిల్లీ నుంచి పెద్దలు వచ్చిన రోజున ప్రయోగశాలలో పండగలా ఉంది. హాల్లో వరసగా మంచాల మీద వాలంటీర్లు పడుకుని ఉన్నారు. నెత్తిన తీగలు, ముఖాన ప్రశాంతత. త్రిమూర్తులు సైగ చేయగానే ఒకరు ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో బాదారు. ఒక్క కన్ను తెరుచుకోలేదు. అంబులెన్సు కూత వినిపించారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆయనతో పనిచేసే డాక్టర్ నౌషీన్ ఒక మంచం దగ్గరికి వెళ్ళి, పక్కింటివాళ్ళను పలకరించినంత మెల్లగా, "సత్తిబాబుగారూ" అంది. సత్తిబాబు కళ్ళు తెరిచి, టీ వచ్చిందా అని అడిగాడు. పక్కమంచం మనిషి గుర్రు పెడుతూనే ఉన్నాడు. వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు.

మాటలైనా రాకముందే, చెవిన పడే చప్పుళ్ళన్నిటిలోంచి ఇది నేను అని పసిబిడ్డ ఏరుకునే మొదటి మాట దాని పేరు. జోల ఆ తర్వాత తెరుచుకున్న తలుపులన్నీ మూయగలిగింది గాని, అన్నిటికంటే పాతదైన ఆ ఒక్క తలుపునూ మూయలేకపోయింది. అది లోపం కాదు, దేవుడిచ్చిన వరం అన్నాడు త్రిమూర్తులు. ఎంత గాఢంగా నిద్రపోయినా ప్రమాదం వస్తే పేరు పెట్టి పిలిస్తే చాలు. ప్రయోగశాలలో పొద్దున్నే అందరినీ అలాగే లేపేవారు, మందు ఇంటికి పట్టుకెళ్ళిన వాలంటీర్లను ఇంట్లోవాళ్ళు అలాగే లేపేవారు. మంచి నిద్ర, మంచి మెలకువ. వచ్చే నెల్లో అనుమతి వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

ఇక ఇంటి సంగతి.

ఆయన భార్యకు నిద్రలేదు. అత్తగారికి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి నుంచీ అంతే. పెద్దావిడ ముందు గదిలో పడుకునేది. మంచినీళ్ళకు ఒకసారి, బాత్రూముకు ఒకసారి, దుప్పటి జారిందని ఒకసారి, ఏమీ లేకపోయినా ఇంట్లో మనుషులున్నారో లేదో చూసుకోవడానికి ఒకసారి, "కొత్తమ్మాయీ" అని పిలిచేది. కాపురానికొచ్చి పాతికేళ్ళు దాటినా కోడలు ఆ ఇంట్లో కొత్తమ్మాయే. పిలుపు వచ్చినప్పుడు లేవడం అలవాటైపోయి, రాని రోజున కూడా ఆవిడ చెవి ఒకటి ముందు గదిలోనే ఉండిపోయేది. త్రిమూర్తులు మాత్రం పక్కన హాయిగా గురక పెట్టేవాడు. నిద్ర మీద పరిశోధన చేసేవాడికి ఆ మాత్రం నిద్ర అవసరమేనని ఆయన ఉద్దేశం కాబోలు.

ఒక రోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. గరిటెలోని పప్పు ఆయన కంచం పక్కన పడింది. ఊరందరికీ ఇచ్చే మందు నాకు ఇవ్వకూడదా అని అడిగింది. ఎంపికైన వాలంటీర్లకు తప్ప మరొకరికి ఇవ్వడానికి వీల్లేదని ఆయనకు తెలుసు. ఆ నిబంధన రాసిందే ఆయన. అయినా మర్నాడు ఒక డబ్బా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. దాన్ని ప్రేమ అనుకున్నాడు. ప్రేమే, కాదనలేం.

అప్పటి నుంచి రాత్రిపూట తల్లిని చూసుకునే వంతు తనకు వచ్చింది. వారం తిరిగేసరికి ఆయన కళ్ళ కింద చారలు వచ్చాయి. అమ్మ ఇన్నిసార్లు పిలుస్తుందా అని ఆశ్చర్యపోయాడు. భార్య మాత్రం పిల్లలా నిద్రపోయేది. మొహంలోకి రంగు వచ్చింది. కూరలు తరుగుతూ కూనిరాగాలు తీసేది. నిద్ర ఇంత బాగుంటుందని మర్చేపోయానండీ అంది ఒకరోజు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ మాట విన్న రోజున ఆయనకు ఢిల్లీ చప్పట్లు ఏ మూలకూ చాలవనిపించింది.

మొదట్లో ఆవిడ పాలవాడు రాకముందే లేచేది. కొన్నాళ్ళకు వాడు వెళ్ళాక లేవడం మొదలుపెట్టింది. తర్వాత పేపరు వచ్చాక, ఆ తర్వాత ఆయన స్నానం అయ్యాక. ఇన్నేళ్ళ బాకీ నిద్ర, తీరనీ అనుకున్నాడు త్రిమూర్తులు. తనే కాఫీ కలపడం నేర్చుకున్నాడు. అది కాఫీ అని చెబితే గాని తెలిసేది కాదు. ఇంత తెలిసిన మనిషికి అప్పుడైనా అనుమానం రావలసింది. రాలేదు.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఆయన స్నానమూ అయింది, కాఫీ కలపడమూ అయింది. గ్లాసు మంచం పక్కన పెట్టి, "ఇదిగో" అన్నాడు. భార్యను ఆయన పిలిచేది అలాగే. ఆవిడ లేవలేదు. భుజం పట్టుకుని కదిపాడు. చెయ్యి మెత్తగా జారి పరుపు మీద పడింది. నాడి చూశాడు. నిదానంగా కొట్టుకుంటోంది, మరీ నిదానంగా. అయినా కంగారేం లేదనుకున్నాడు. మందు తనది. తాళంచెవీ తన దగ్గరే ఉంది. పేరు పెట్టి పిలిస్తే సరి.

నోరు తెరిచాడు. పేరు రాలేదు.

ఈ కథలో ఇంతవరకూ ఆవిడ పేరు రాలేదని మీరు గమనించే ఉంటారు. ఆ ఇంట్లోనూ అంతే. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడపిల్లలకు కొదవలేదు. త్రిమూర్తుల తల్లికి ఆ పేరే, ఆయన చేసుకున్న పిల్లకూ ఆ పేరే. పెళ్ళినాడు బంధువులంతా అదేదో శుభశకునం అన్నట్టు మురిసిపోయారు. తీరా కాపురానికి వచ్చాక తెలిసింది ఇబ్బంది. కన్నతల్లి పేరుతో పెళ్ళాన్ని కొడుకు ఎలా కేకేస్తాడు? ఆ పేరుతో కోడలికి అత్తగారు పని ఎలా పురమాయిస్తుంది? అందుకని పెద్దవాళ్ళు కొత్తమ్మాయి అన్నారు, ఈయన ఇదిగో అన్నాడు. అందరికీ సుఖంగా ఉంది.

ఇప్పుడు గది తలుపు దగ్గరగా వేసి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, ఆవిడ చెవి దగ్గర వంగి, "మాణిక్యాంబా" అన్నాడు.

కనురెప్ప కూడా కదల్లేదు.

మళ్ళీ పిలిచాడు, కాస్త గట్టిగా. మూడోసారి భయంతో గొంతు ఎంత పెరిగిందో ఆయనకే తెలియలేదు.

"ఆఁ... వస్తున్నానండీ" అని జవాబు వచ్చింది.

వచ్చింది ముందు గదిలోంచి. ఎనభై దాటిన తల్లి గొంతది. కొడుకుతో ఆవిడ ఏనాడూ అండీ అని మాట్లాడలేదు. మంచం మీంచి లేవబోయినట్టు కిర్రుమన్న చప్పుడు, లేవలేక ఆగిపోయిన చప్పుడు కూడా వినిపించాయి. త్రిమూర్తుల గొంతు అచ్చం తండ్రి గొంతేనని చుట్టాలంతా అంటుంటారు. తండ్రి పోయి చాలా కాలమైంది. త్రిమూర్తులు మంచం అంచున కూలబడ్డాడు. అప్పటికి గాని సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో రోజుకు వందసార్లు ఆ పేరు మోగేది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి మామగారు పిలవగానే ఈవిడ పరుగెత్తుకుని వెళ్ళింది. నిన్ను కాదమ్మా అని ఆయన నవ్వాడు. ఇల్లంతా నవ్వింది. మరోసారి వెళ్ళింది, మళ్ళీ నవ్వారు. త్రిమూర్తులు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆవిడ వెళ్ళడం మానేసింది. తన పేరు వినబడితే కదలకుండా ఉండడం నేర్చుకుంది. ఎన్నో ఏళ్ళు శ్రద్ధగా నేర్చుకుంది.

ఫోను చేయగానే నౌషీన్ పరికరాలు పట్టుకుని వచ్చింది. నిద్రలో ఉన్న ఆవిడ తలకు తీగలు అతికించి, పేరు పిలిచి, తెర మీద గీతలు చూసింది. ఇంకోసారి పిలిచి చూసింది. ఏ వాలంటీరుకైనా పేరు వినగానే గీత ఎగిరి పడేది. ఈవిడకు పిలిచిన ప్రతిసారీ గీత ఇంకా చదునుగా పడుకుంటోంది.

"పేరు వింటే తలుపు తెరుచుకోవట్లేదు సార్, బిగుసుకుంటోంది" అంది నౌషీన్. "ఇంట్లో ఏమని పిలుస్తారు మీరు?"

ఆయన చెప్పాడు. ఆ అమ్మాయి ఆ పిలుపులతో కూడా పిలిచి చూసింది. గీత కదల్లేదు.

ఏలూరులో ఉన్న కూతురికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఆ పిల్ల అమ్మా అమ్మా అని ఏడుస్తూ పిలిచింది. లాభం లేదు. అమ్మ అనేది ఆవిడకు పెళ్ళయ్యాక వచ్చిన పేరు. జోల దాన్ని ఎప్పుడో మూసేసింది. నౌషీన్ రక్తం తీసి ప్రయోగశాలకు పంపింది. ఈలోగా ఎందుకిలా జరిగిందో ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. హెంప్ మందులకు కొవ్వంటే ఇష్టం. ఒంట్లోని కొవ్వులో చేరి కూర్చుని నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంటాయి. అది తెలియని విషయమేమీ కాదు. జోల కొద్ది గంటల్లో దిగిపోతుందనే వాళ్ళ లెక్క, ఎందుకంటే వాలంటీర్లంతా పొద్దున్నే చక్కగా లేస్తున్నారు.

"లేస్తున్నారా?" అంది నౌషీన్. "మనం లేపుతున్నాం సార్. ఒక్కరినైనా వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా వదిలి చూశామా?"

చూడలేదు. పేర్లు పిలిచి లేపడం ఎంత ముచ్చటగా ఉండేదంటే, పిలవకపోతే ఏమవుతుందో చూడాలని ఒక్కరికీ తోచలేదు. నౌషీన్ అప్పటికప్పుడు ప్రయోగశాలకు ఫోను చేసి, మందు ఆపేయమనీ, ఇళ్ళకు పట్టుకెళ్ళినవాళ్ళను వెంటనే వెనక్కి పిలవమనీ చెప్పింది. త్రిమూర్తులు అడ్డు చెప్పలేదు. చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గురించి తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాడు.

ఫలితం వచ్చేసరికి పెద్దావిడకు మధ్యాహ్నం అన్నం వేళయింది. రక్తంలో జోల తగ్గలేదు సరికదా, పెరుగుతోంది. నిద్రలో కరుగుతున్న కొవ్వు మందును మరింత వదులుతోంది. ఊపిరి నిదానిస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ పెడతారు, ఊపిరికి యంత్రం పెడతారు. దిగాల్సిన మందు ఎప్పుడు దిగుతుందో, అప్పటికి మనిషి ఏ స్థితిలో ఉంటుందో చెప్పగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ ఈ గదిలోనే నిలబడి ఉన్నారు, వాళ్ళకూ తెలియదు. అంబులెన్సుకు చెప్పారు.

"పుట్టింట్లో ఏదైనా ముద్దుపేరు ఉందేమో సార్" అంది నౌషీన్. "మీకు తెలుసా?"

తెలియదు. భార్య అమ్మానాన్నా పోయారు. తమ్ముడు అక్కా అనే అంటాడు. పేరు పెట్టి పిలిచే పెద్దరికం ఉన్నది తునిలో ఉండే పెద్దక్క ఒక్కతే. ఆవిడ నంబరు ఆయన దగ్గర లేదు. నిద్రపోతున్న భార్య వేలు పట్టుకుని ఆవిడ ఫోను మీద నొక్కి తెరిచాడు. ఆ వేలు చల్లగా ఉంది.

మరిది గొంతు వినగానే అవతల పెద్దక్క హడలిపోయింది. ఆయన ఎప్పుడూ ఫోను చేసిన మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చిన్నప్పుడు మీ చెల్లెల్ని ఇంట్లో ఏమని పిలిచేవారండీ అని అడిగాడు.

"పెళ్ళిలో మా అమ్మ మీకు చెప్పబోయిందండి మరిదిగారూ" అందావిడ. "మా పిల్లని ఇలాగ పిలుత్తామండి, మీరూ అలాగే పిలవండి, పలుకుద్ది అని. మీ నాన్నగారు అడ్డొచ్చి, ముద్దుపేర్లు మా ఇంట్లో కుదరవమ్మా అన్నారు. మీరక్కడే ఉన్నారండి."

ఆయనకు గుర్తులేదు.

"మాకీ అనేవాళ్ళమండి. మాణిక్యం అనడం రాక అదే అలాగ అనుకునేది. ఇంక అదే పేరైపోయింది." వెంటనే హెచ్చరించింది. "గట్టిగా పిలవకండి. మా అమ్మ ఎప్పుడూ గట్టిగా పిలిచేది కాదు."

త్రిమూర్తులు ఫోను పక్కన పెట్టి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. పరాయివాళ్ళ ఇంట్లోకి చెప్పకుండా దూరుతున్నట్టు అనిపించింది ఆయనకు. ఆ పేరును ఆయన సంపాదించుకోలేదు. అయినా అడిగి పుచ్చుకునే వ్యవధి లేదు.

"మాకీ" అన్నాడు మెల్లగా.

తెర మీద గీత ఒక్కసారి ఎగిరింది. నౌషీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మాకీ, లే అమ్మా."

"వత్తన్నానే అమ్మా" అందావిడ కళ్ళు తెరవకుండానే. పాతికేళ్ళలో ఆ యాస ఆవిడ నోట ఆయన ఏనాడూ వినలేదు. అత్తవారింటికి వచ్చిన నాడే దాన్నీ ఎక్కడో విప్పి పెట్టేసిందన్నమాట. పెదవుల మీద నవ్వు ఉంది. ఆ నవ్వుతోనే కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసింది. ఎవరి కోసమో వెతికింది. తీగలు, తెర, నౌషీన్, నేల మీద కూర్చున్న మొగుడు కనిపించారు. నవ్వు నెమ్మదిగా పోయింది. అర్థమయ్యాక ఆవిడ మొహం దిండులో దాచుకుని ఏడ్చింది. బతికినందుకు కాదు ఆ ఏడుపు. చనిపోయిన తల్లి పిలిచిందనుకుని లేచింది పాపం. త్రిమూర్తులు కూడా ఏడ్చాడు. ఆయన ఎందుకేడ్చాడో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. అంబులెన్సు వచ్చింది, మందు దిగేదాకా ఆవిడను ఆసుపత్రిలో ఉంచారు. ఇళ్ళకు మందు పట్టుకెళ్ళిన వాలంటీర్లంతా క్షేమంగా వచ్చారు. ఒంట్లో మిగిలిన మందుతో ఆ రాత్రి పడుకున్నప్పుడు పేరు పిలవకుండా వదిలి చూస్తే వాళ్ళలో ఒకడు మర్నాడు సాయంత్రం దాకా లేవలేదు. త్రిమూర్తులు పెద్దల ముందు నిలబడి, మందులో ఉన్న ప్రమాదమూ, డబ్బా ఇంటికి పట్టుకెళ్ళిన తప్పూ రెండూ దాచకుండా చెప్పాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జోల పని ఆగిపోయింది. ఎప్పుడైనా మళ్ళీ మొదలైతే నౌషీన్ చేతుల మీదుగానే మొదలవ్వాలని ఆయనే రాసిచ్చి, ఇంటికి వచ్చేశాడు. గిడ్డంగి గుమ్మం దిగేటప్పుడు ఎంత బాధపడ్డాడో ఆటో ఎక్కేసరికి అంత తేలికపడ్డాడు. గంజాయి డాక్టరుగారా అని ఆటోవాడు అడిగితే, అవునయ్యా అన్నాడు.

మందు ఒంట్లోంచి పోయాక ఆవిడకు మళ్ళీ నిద్ర కరువైంది. పోయిన నిద్ర కోసం ఆవిడ బెంగపెట్టుకున్న మాట నిజం. రాత్రి వంతు మాత్రం త్రిమూర్తులు తిరిగి అప్పజెప్పలేదు. పెద్దావిడ ఎవరొచ్చినా కొత్తమ్మాయీ అనే పిలిచేది. ఆయన పలికేవాడు.

ఒక మధ్యాహ్నం వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడే ఎత్తింది మాట.

"ఆ పేరుతో మీరు మళ్ళీ పిలవొద్దండీ."

ఈ మధ్య ఒకటి రెండుసార్లు ముద్దుగా పిలిచి, బాగుందని మురిసిపోతున్న త్రిమూర్తులు కంగారుపడ్డాడు. ప్రాణం నిలబెట్టిన పేరు కదా అన్నాడు.

"అది ఇంకా మా అమ్మ గొంతుతోనే వినబడుతుందండీ నాకు. మీరు రోజూ పిలిస్తే మీ గొంతే మిగులుతుంది. అదొక్కటీ నాకు వదిలేయండి."

ఆయన కూడా ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీశాడు. మరి నిన్నేమని పిలవను అని అడిగాడు.

"నాకో పేరుంది కదండీ" అంది ఆవిడ. కోపంగా అనలేదు. "మీ అమ్మగారిదైతే మాత్రం, నాది కూడా కదా."

ఒక రాత్రంతా ఆలోచించాడు. మర్నాడు పొద్దున తల్లిని లేవదీసి, మొహం కడిగించి, ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ ఎదురుగానే పిలవాలి, చాటున పిలిస్తే లాభం లేదనుకున్నాడు. వంటింట్లో కత్తిపీట మీద దొండకాయలు తరుగుతున్న చప్పుడు వస్తోంది. యాభై ఆరేళ్ళ మనిషి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడి, "మాణిక్యాంబా" అన్నాడు.

కత్తిపీట చప్పుడు ఆగలేదు. కుర్చీలోని పెద్దావిడ పలకబోయి, కొడుకు మొహం చూసి ఆగింది.

"మాణిక్యాంబా."

చప్పుడు అదే వరసలో సాగుతోంది. ఆవిడకు వినబడుతూనే ఉంది. పిలిచింది తననేనని తెలుసు కూడా. కదలడమే చేతకావడం లేదు. త్రిమూర్తుల చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వైపు చూడలేక, ఇంక పోనీలే అన్నట్టు వరండాలోకి నడవబోయాడు.

"ఒరే, ఉండు" అంది తల్లి. "మొన్న నువ్వు కేకేసినప్పుడు మీ నాన్నే అనుకున్నానురా. ఎంత సంబరపడ్డానో. ఆ మనిషి పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళే లేరు." కాసేపు ఊపిరి తీసుకుంది. "పిలిచేవాళ్ళు లేనిదాన్ని, ఆ పేరు కట్టుకుని నేనేం చేసుకోనురా?"

తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని వంటింటి వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ కొత్తమ్మాయీ అని తప్ప మరో మాట పిలవని గొంతు సవరించుకుంది.

"మాణిక్యాంబా, నిన్నేనమ్మా. నేను పలకను. నువ్వే పలకాలి."

కత్తిపీట చప్పుడు ఆగింది. గుమ్మంలోకి వచ్చి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి, "వస్తున్నానత్తయ్యా" అంది మాణిక్యాంబ.